సానరాయి గుంటలో పసుపు నీళ్ళు

షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే పనిలో కొత్తగా చేరిన మీ ముగ్గురి కోసం ఇది రాస్తున్నాను. నేను రిటైరయిన రోజు టీ తాగుతూ మీరొక మాట అడిగారు. లీవర్ రైఫిల్‌ని ఇంట్లోనే కూర్చుని నున్నగా ఆడేలా చేసుకోవచ్చట కదా, ఫోన్లో వీడియోలు చూశాం, మీరెప్పుడైనా చేశారా అని. చేశాను. ఒక్కసారి. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను గానీ అది నవ్వి ఊరుకునే సంగతి కాదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి యాంగోన్, అంటే అప్పటి రంగూన్, రేవుకి కూలీగా వచ్చాడు. మా నాన్న కూడా ఆ రేవులోనే ఇనుప కొక్కెంతో బస్తాలు లాగి బతికాడు. నేను కొక్కెం వదిలి ఆకురాయి పట్టుకున్నాను. ఇంట్లో అప్పలసామిని, బర్మా వాళ్ళకి కో సామిని. అక్కడ గౌరవానికి పేరు ముందు మగవాళ్ళకి కో, ఊ అనీ, ఆడవాళ్ళకి మా, దా అనీ తగిలిస్తారు. ఊరి నడిబొడ్డున చౌక్తడాలో కోర్టు వెనక వీధిలో అప్పట్లో లైసెన్సు ఉన్న తుపాకీ రిపేరు షాపు ఒకటి ఉండేది. అది మూతపడే దాకా అందులో చేశాను, తర్వాత మీ క్లబ్బుకి వచ్చాను. జీతాలు, ప్రమోషన్ల సంగతి రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

నునుపు వేరు, వదులు వేరు

ముందు పని గురించి నాలుగు ముక్కలు. లీవర్ రైఫిల్‌కి ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీని కిందికి తోసి పైకి లాగితే పాత తూటా బయటికొచ్చి కొత్తది లోపలికి పోతుంది. ఏళ్ళ తరబడి మురికి పట్టినా, ఇనుము అంచులు గరుకెక్కినా ఆ కడ్డీ మొరాయిస్తుంది. దాన్ని విప్పి, కడిగి, ఇనుము ఇనుముని రాసుకున్న చోట్ల మెరుపుని బట్టి గుర్తుపట్టి, అక్కడున్న గరుకు మాత్రం తీసి, పల్చని నూనె రాసి మూయాలి. అంతే. పనిలో తొమ్మిది వంతులు తుడవడం, ఒక వంతు రుద్దడం. కొత్తవాళ్ళు తొమ్మిది వంతులు రుద్దుతారు.

రుద్దకూడని చోటు ఒకటుంది. తుపాకీ వెనక లేచి నిలబడే ముక్కని మేం గుర్రం అంటాం. అది పడితేనే తూటా పేలుతుంది. దాన్ని పడకుండా పట్టి ఉంచేది దాని అడుగున ఉండే గంటు. గోరంచు మందం కూడా ఉండదు. ఆ గంటు అంచు పదునుగా ఉన్నంత సేపు మనుషులు బతికి ఉంటారు. అంచు గుండ్రమైతే ట్రిగ్గర్ ముట్టకుండానే గుర్రం జారవచ్చు. కడ్డీ నున్నగా ఆడాలని చూసేవాడికి ఈ గంటు కూడా నున్నగా ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ కోరిక పుట్టగానే చేతిలో ఉన్నది కింద పెట్టి బయటికెళ్ళి టీ తాగి రండి.

దా మ్యా యీ పద్ధతి

షాపు యజమాని దా మ్యా యీ. భర్త పోయాక షాపు తనే నడిపింది. ఒక్క స్క్రూ కూడా తిప్పడం రాదు, అయినా ఆవిడ కన్నా మంచి తుపాకీ మనిషిని నేను చూడలేదు. ఎందుకో చెబుతాను.

ఆవిడది ఒకటే నియమం. పని చేసినవాడు పరీక్ష చేయకూడదు. నేను బాగుచేసిన తుపాకీని ఊ టున్ అనే ముసలాయన తీసుకుని, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గుర్రం లేపి బొటనవేలితో తోసి, రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టి చూసేవాడు. ఆయన చేసినదాన్ని నేను చూడాలి. చూసినవాడి పేరు చీటీ మీద రాస్తేనే తుపాకీ గడప దాటాలి.

నాకది చచ్చేంత అవమానంగా ఉండేది. ఊ టున్‌కి కళ్ళు మందగించాయి, చేతులు వణుకుతాయి, నా పనిని ఆయన తట్టి చూడటమేమిటని సణిగేవాణ్ణి. ఒకసారి దా మ్యా యీతోనే అన్నాను. ఆవిడ తమలపాకు నములుతూ, ఊ టున్ నీ కన్నా గొప్పవాడని కాదు, అతనికి నీ పని మీద ప్రేమ లేదు, అందుకే అతను చూడాలి అంది. కాకి పిల్ల కాకికి ముద్దని మనవాళ్ళు అనేదే ఆవిడ బర్మీలో చెప్పింది. అర్థమైంది గానీ ఒప్పుకోలేదు. అప్పటికి నాకు పాతికేళ్ళ అనుభవం ఉంది మరి.

అడగని పని

ఆ ఏడాది దసరా ముందు దా మ్యా యీ యాత్రకి వెళ్ళింది. షాపు వారం రోజులు మూత. అష్టమి నాడు పొద్దున్నే దలా నుంచి ఊ సాన్ పె సంచౌంగ్ పేటలో ఉన్న మా ఇంటికొచ్చాడు. నది అవతల ఆయనకి చేపల చెరువులున్నాయి, వాటి కాపలాకని లైసెన్సు మీద పాత లీవర్ రైఫిల్ ఉంది. కడ్డీ బిగుసుకుపోయింది, మర్నాడు చెరువుల దగ్గరికి పోవాలి, షాపు చూస్తే మూసి ఉంది. నువ్వే దిక్కు కో సామీ అన్నాడు.

షాపు బయట తుపాకీ విప్పకూడదు. అది చట్టానికీ తప్పే, దా మ్యా యీ నియమానికీ తప్పే. అప్పుడు తెలియదని చెప్పను, తెలుసు. కానీ ఊరంతా వదిలి నా గుమ్మం ముందుకొచ్చి నువ్వే దిక్కు అంటే నేను పొంగిపోయాను. లోపలికి రమ్మన్నాను.

కడ్డీ పని మధ్యాహ్నానికి అయిపోయింది. బాగా వచ్చింది, ఇప్పటికీ అంటాను. వేలితో ఆడించవచ్చు. అక్కడితో మూసేస్తే ఈ కథే లేదు. కానీ కడ్డీ అంత మెత్తగా ఆడుతుంటే ట్రిగ్గర్ మాత్రం కొంచెం గీరుకుంటూ కదులుతోంది. ఊ సాన్ పె దాని సంగతి అడగలేదు. ఆయన చూసి ఆహా అనాలని నాకే అనిపించింది. గంటు మీద సానరాయితో ఐదారు సార్లు రాశాను. షాపు రాయి షాపులో ఉంది కాబట్టి మా నాన్న రాయి వాడాను. ముప్పయ్యేళ్ళు ఆయన కొక్కేలూ కత్తులూ నూరుకున్న రాయి. ఆయన చేయి పడ్డ రాయి కదా, అంతకన్నా మంచిదేముంటుంది అనుకున్నాను.

సాయంత్రం కాగానే మా అమ్మ తొందరపెట్టింది. మర్నాడు నవమి, ఆయుధపూజ. మా రేవు కుటుంబాల్లో అష్టమి సాయంత్రమే పనిముట్లన్నీ కడిగి, పసుపు రాసి, పీట మీద అమ్మవారి ముందు పెట్టేస్తారు. ఇక దశమి పొద్దు దాకా ఎవరూ ముట్టకూడదు. నేను గబగబా తుపాకీ మూశాను. రెండుసార్లు ఖాళీగా ఆడించి చూశాను, మెత్తగా ఉంది. సుత్తితో తట్టలేదు. సుత్తి అప్పటికే అమ్మ చేతిలో పసుపు పూసుకుంటోంది. ఊ సాన్ పె వచ్చి ట్రిగ్గర్ నొక్కి చూసి నేను కోరుకున్నట్టే ఆహా అని, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నవమి పొద్దున్న

స్నానం చేసి పీట ముందు కూర్చున్నాను. మధ్యలో నాన్న కొక్కెం, పక్కన నా ఆకురాళ్ళు, సుత్తి, సానరాయి. అమ్మ పనిముట్ల మీద పసుపు నీళ్ళు చల్లి కొబ్బరికాయ కోసం లోపలికి వెళ్ళింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. కొక్కెం మీద నీళ్ళు ఆరిపోయాయి. ఆకురాళ్ళ మీదా ఆరిపోయాయి. సానరాయి మీద మాత్రం నడిమధ్యన కోడిగుడ్డు ఆకారంలో పసుపు నీళ్ళు నిలిచి ఉన్నాయి.

చదునుగా ఉన్న రాయి మీద నీళ్ళు నిలవవు. ముప్పయ్యేళ్ళు నూరితే రాయి అరిగి గుంట పడుతుంది, కంటికి కనిపించనంత గుంట. గుంట రాయి మీద ఏది రాసినా దాని అంచు గుండ్రమవుతుంది. కత్తికి ఫరవాలేదు. గంటుకి?

ఊ సాన్ పె అలవాటు నాకు తెలుసు. షాపులో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాడు కూడా. తూటా లోపలే ఉంచి, గుర్రాన్ని సగం లేపి గంటు మీద నిలబెట్టి, అలాగే పడవలో వేసుకుని తిరుగుతాడు. దొంగని చూశాక తూటా ఎక్కించే తీరిక ఉండదంటాడు. నేను రాసింది ఆ గంటునే. ఇప్పుడా తుపాకీకి ఒక చిన్న కుదుపు చాలు. పడవలో ఆయన ఒక్కడే ఉండడు, కూతురు మా హ్లా ముందు కూర్చుని తెడ్డు వేస్తుంది.

ఫోను చేద్దామంటే అప్పటికి మాలాంటి వాళ్ళకి సెల్‌ఫోన్లు అందుబాటులో లేవు. వెళ్ళాలి. వెళితే స్క్రూడ్రైవరూ సుత్తీ కావాలి. అవి పీట మీద ఉన్నాయి.

చేయి చాచాను. అమ్మ వెనక నుంచి చూసింది.

"ఏట్రా అప్పడూ, ఏటి సేస్తన్నావు? మీ నాన్న ఓడలు ఆగిపోతన్నా గానీ ఇయాల కొక్కెం ముట్టలేదురా."

చెప్పాను. ఏం చేశానో, ఏం కాబోతోందో, ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ తుపాకీ గురించి ఏమీ అడగలేదు. పడవలో ఎవరుంటారని మాత్రం అడిగింది. కూతురుందని చెప్పాను. కొబ్బరికాయ కింద పెట్టి, పీట దగ్గరికొచ్చి, తన చేత్తోనే సుత్తీ స్క్రూడ్రైవరూ తీసి నా చేతిలో పెట్టింది.

"నానే తీసేను. పాపమొస్తే నాకు రానీ. నువ్వెల్లు."

నది

బస్సు కోసం ఆగలేదు, టాక్సీ ఎక్కాను. చౌక్తడాలో ఇరుక్కుపోతే దిగి రేవు దాకా పరిగెత్తాను. నేను చేరేసరికి దలా ఫెర్రీ తాడు విప్పేసింది, గట్టుకీ దానికీ మధ్య రెండు బారల నీళ్ళు. తర్వాతది వచ్చేదాకా ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నా పక్కనే జనం నది మీద తిరిగే తెల్ల పిట్టలకి అటుకులు విసురుతున్నారు, కౌజుపిట్ట గుడ్లు అమ్మే అమ్మాయి కేకలేస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఇరవై నిమిషాల్లో తెలిసింది. ఊ టున్ వణికే చేతులే గుర్తొచ్చాయి. ఆ చేతులు ఒక్క నిమిషం తట్టి ఉంటే నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు.

అవతల దిగి మోటార్ సైకిల్ మాట్లాడుకున్నాను. ఊ సాన్ పె ఇంటికెళితే ఆయన భార్య, ఇప్పుడే కాలవకి వెళ్ళారు, పోటు మీద పోవాలన్నారు అంది. తుపాకీ తీసుకెళ్ళాడా అని అడిగాను. తీసుకెళ్ళకుండా ఎందుకుంటాడు అని నవ్వింది.

కాలవ గట్టు బురద. పడవ ఇంకా గుంజకి కట్టే ఉంది. మా హ్లా ముందు కూర్చుని ఉంది, వీపు ఇటు. ఊ సాన్ పె గట్టు మీద వల సర్దుకుంటున్నాడు. తుపాకీ పడవలో పలక మీద అడ్డంగా పడుకుని ఉంది, మూతి కొంచెం ముందుకి, అంటే ఆ పిల్ల నడుము వైపుకి. పోటు నీటికి పడవ కదిలి కదిలి గుంజకి తగులుతోంది. తగిలినప్పుడల్లా పలక అదురుతోంది. దూరం నుంచే గుర్రం కనిపించింది. సగం లేచి ఉంది.

అరవాలనిపించింది. అరిస్తే ఆయన ముందు చేసేది తుపాకీ అందుకోవడమే, నలభై ఏళ్ళ అలవాటది. అందుకని నడిచాను. మామూలుగా పలకరించాను. ఊ సాన్ పె, తుపాకీ ముట్టుకోకు, పిల్లని నెమ్మదిగా దిగమను అన్నాను. ఆయన నా మొహం చూశాడు. మా హ్లాని దిగమన్నాడు. ఆమె లేచేలోపు పడవ ఇంకోసారి గుంజకి తగిలింది.

నేను పడవలో కాలు పెట్టి తుపాకీ ఎత్తాను. నా చేయి వణకలేదు. మూతిని ఒక్క క్షణం కూడా మనిషి వైపు తిరగనివ్వలేదు. బురద వైపు పెట్టి, బొటనవేలితో గుర్రాన్ని నొక్కిపట్టి, కడ్డీ తెరిచాను. ఎంత మెత్తగా తెరుచుకుందో. తూటాలు ఒక్కొక్కటే బురదలో పడ్డాయి, ఐదు. లోపల వేలు పెట్టి చూశాను. మళ్ళీ చూశాను.

అప్పుడు ఖాళీ తుపాకీ గుర్రాన్ని సగం లేపి నిలబెట్టి, గట్టు మీద కూర్చుని, నిన్న చేయాల్సిన పని చేశాను. సుత్తితో ఒక్కటి తట్టాను. గట్టిగా కూడా కాదు. గుర్రం టక్కున పడింది.

ఊ సాన్ పె ఆ చప్పుడు విన్నాడు. కూతురు కూర్చున్న చోటు వైపు చూశాడు. తర్వాత వల పక్కన పెట్టి బురదలోనే కూలబడ్డాడు. తప్పు నాదే అన్నాను.

మేకుకి వేలాడిన ముక్క

దా మ్యా యీ తిరిగొచ్చాక ఆవిడకి చెప్పాను. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తుందనుకున్నాను, తీసేసినా న్యాయమే. ఆవిడ తిట్టలేదు. ఊ సాన్ పె తుపాకీకి వేరే గుర్రం తెప్పించి, ఊ టున్ చేత వేయించి, నా చేత తట్టించింది. నేను పాడుచేసిన గుర్రాన్ని దారం కట్టి నా బల్ల పైన మేకుకి తగిలించింది. షాపు మూసేదాకా అది అక్కడే ఉంది.

నేర్పేవాళ్ళు తప్పులు దాచుకుంటే నేర్చుకునేవాళ్ళు అవే తప్పులు మళ్ళీ చేస్తారు. ఆవిడ దాచనివ్వలేదు. నాకు తెలిసిన యజమానుల్లో తిట్టేవాళ్ళు ఎక్కువ, తప్పుని ఇలా కళ్ళ ముందు తగిలించేవాళ్ళు తక్కువ.

మా అమ్మ కూడా తన పద్ధతి తను మార్చుకుంది. మరుసటి ఏడాది అష్టమి సాయంత్రం నా పనిముట్లకి బొట్టు పెట్టబోతూ కుంకుమ వేలు గాల్లోనే ఆపింది.

"ఆకరి పని ఎవులు సూసేరు?"

ఊ టున్ చూశాడని చెప్పాకే బొట్టు పెట్టింది. బతికున్నన్నాళ్ళూ ప్రతి దసరాకీ అదే అడిగింది. చూసినవాడి పేరు చెప్పకపోతే నా ఆకురాయికి పీట మీద చోటు లేదు. దేవుడి దగ్గర కూడా చీటీ కావాలా అని వేళాకోళం చేసేవాణ్ణి. కావాలనేది.

మీ క్లబ్బులో ఉన్నవి ఎయిర్ రైఫిళ్ళే, నిజమే. అయినా నేనున్నన్నాళ్ళూ ఒకరు చేసిన పనిని ఇంకొకరు తట్టకుండా రేంజి మీదికి పంపలేదు. ముసలాడి చాదస్తమని మీలో ఒకరన్నారు, విన్నాను. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసే పనిలో లోపం చేతిలో ఉండదు. పక్కన ఇంకో మనిషి లేకపోవడమే లోపం. వీడియోలో ఆ మాట ఎవరూ చెప్పరు.

రెండో చేయి

ఇది రాయడం అయ్యాక అమ్మ ప్రశ్న గుర్తొచ్చింది. దీన్ని ఎవరు చూశారు? ఇది కూడా నేను చేసిన పనే కదా, దీని మీద నాకు ప్రేమ లేకపోలేదు. ఊ సాన్ పె ముసలితనంలో పోయాడు, ఊ టున్ పోయాడు, దా మ్యా యీ పోయింది. ఆ రోజు పడవలో ఉన్న మనిషి మాత్రం ఉంది. మొన్న ఫెర్రీ ఎక్కి దలా వెళ్ళాను. మా హ్లా అక్కడ మొహింగా, అంటే చేపల పులుసులో వేసిన సేమ్యా, అమ్మే హోటల్ నడుపుతోంది, మనవలు కూడా ఉన్నారు. ఒక మూల కూర్చోబెట్టి కాయితాలు ఒక్కొక్కటే బర్మీలో చదివి వినిపించాను.

అంతా వింది. సానరాయి సంగతి తనకి తెలియదంది. మా అమ్మ చేసిన పని విని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఒకచోట మళ్ళీ చదవమంది. పడవలో తుపాకీ ఎత్తిన చోటు. చదివాను.

"అన్నా, నీ చేతులు వణికాయి. నువ్వు ఎత్తినప్పుడు మూతి ఒకసారి నా కడుపు మీదుగా తిరిగింది. నేనింకా దిగలేదు. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను."

లేదు, అలా జరగలేదు అనబోయాను. ఆమె మొహం చూసి ఆగాను. ఇన్నేళ్ళూ నేను ఆ క్షణాన్ని ఎన్నోసార్లు తలుచుకున్నాను. తలుచుకున్న ప్రతిసారీ కొంచెం కొంచెం నున్నగా రుద్దుకుంటూ వచ్చాను.

పైన రాసినది దిద్దలేదు, మేకుకి తగిలించినట్టు ఉన్నది ఉన్నట్టే ఉంచాను. మా హ్లా చూసింది.